యంత్రమునకు ఓనమాలు

మనము ఏ భాషను నేర్వదలచినను ముందుగా ఓనమాలు దిద్దవలసినదే. పలకపై అక్షరము వ్రాసి, చెరిపి, మరల వ్రాసి, చేయి తిరిగిన పిమ్మట గుణింతములు వచ్చును. ఆ తరువాత పదములు, ఆపైని వాక్యములు. ఎంతటి పండితుడైనను ఈ మెట్లెక్కియే పైకి వచ్చినవాడు. మనుష్యులు మాటలాడు భాషలకే గాక, యంత్రములకు పని చెప్పుటకై మనుష్యులు కల్పించిన భాషలకును ఇదియే నియమము. నేడు హుస్నాబాదు పట్టణమున గాని, దాని చుట్టుప్రక్కల పల్లెలలో గాని, కంప్యూటరు ఎదుట తొలిసారి కూర్చుండిన విద్యార్థి రెండు సంఖ్యలను కూడుమని దానికి ఆజ్ఞ వ్రాసినచో, క్రొత్త భాషలో ఓనమాలు దిద్దినట్లే.

ఈ విద్యకు పునాది వేసినవారిలో అగ్రగణ్యుడు ఆలన్ ట్యూరింగ్. ఈ భాషను నేర్వగోరువారి కొరకు తొలి వాచకములలో ఒకదానిని వ్రాసినవాడును ఆతడే. ఆంగ్లేయుడైన ఈతని కుటుంబమునకు మన తెలుగునేలతో సంబంధము కలదు. ఆ సంబంధముతోనే ఈతని చరిత్రము ఆరంభమగుచున్నది.

ఆలన్ తండ్రి పేరు జూలియస్ ట్యూరింగ్. ఆయన ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగియై, నాటి చెన్నరాజధానిలో పార్వతీపురము, విశాఖపట్టణము, అనంతపురము, బెజవాడ, కర్నూలు మొదలగు చోట్ల పనిచేసెను. తల్లి ఎథెల్ సారా, కోయంబత్తూరు చెంతనున్న పోదనూరున జన్మించినది. ఆమె తండ్రి మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. జూలియస్, ఎథెల్‌ల వివాహము 1907లో జరిగెను. 1912 నాటికి జూలియస్ గంజాం జిల్లాలోని ఛత్రపురమున ఉద్యోగము చేయుచుండెను. ఆ జిల్లా అప్పుడు చెన్నరాజధానిలోనిది; 1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు అందు చేరినది. దంపతులు సెలవుపై స్వదేశమునకు వెళ్ళియుండగా, 1912 జూన్ 23వ తేదీన లండను నగరమున ఆలన్ జన్మించెను.

సెలవు ముగిసెను. మన దేశపు ఎండలు, జ్వరములు పసిబిడ్డలకు పడవని ఆ కాలపు ఆంగ్లేయులు తలచెడివారు. అందుచేత తల్లిదండ్రులు ఆలన్‌ను, ఆతని అన్న జాన్‌ను ఇంగ్లండులోని సెయింట్ లెనార్డ్స్ అను సముద్రతీర పట్టణమున, ఉద్యోగము విరమించిన ఒక సైనికాధికారి ఇంట ఉంచి, సముద్రము దాటి వచ్చిరి. తండ్రి తెలుగు, ఒడియా ప్రజల నడుమ కచ్చేరీలు చేయుచుండగా, కుమారుడు వేల మైళ్ళ దూరమున పరుల ఇంట పెరిగెను. కొన్ని యేండ్లకొకసారి సెలవులకు వచ్చినప్పుడే ఆతనికి తల్లిదండ్రుల దర్శనము. ఆ బాలుడు ఒంటరితనమునకు అలవాటుపడెను. తన ప్రశ్నలకు సమాధానములను తానే వెదకికొనుట ఆతనికి స్వభావమయ్యెను.

ఆలన్ చదువ నేర్చిన తీరు వింతయైనది. ఒక చిన్న పుస్తకమును చేతబట్టి, దాదాపు మూడు వారములలో తనంతట తానే అక్షరములు కూడబలుకుకొని చదువ నేర్చెను. అక్షరముల కన్నను అంకెలపై ఆతనికి మక్కువ యెక్కువ. వీధిలో నడచునప్పుడు ప్రతి దీపస్తంభము కడను నిలిచి, దానిపై గల వరుస సంఖ్యను చదువనిదే ముందుకు సాగెడివాడు కాడు.

1926వ సంవత్సరము మే నెలలో ఆతడు షెర్బోర్న్ అను ఊరి పాఠశాలలో చేరవలసియుండెను. అతడు సౌతాంప్టన్ రేవులో దిగునప్పటికి దేశమంతట సార్వత్రిక సమ్మె ఆరంభమైయుండెను, రైళ్ళు నడువలేదు. పదునాలుగేండ్లైనను నిండని ఆ బాలుడు వెనుకకు మరలక, ఒంటరిగా సైకిలెక్కి సుమారు అరువది మైళ్ళు త్రొక్కి, నడుమ ఒక రాత్రి పూటకూటి ఇంట బసచేసి, మరునాడు పాఠశాల చేరెను.

ఆ పాఠశాలలో ఆలన్ పేరుగాంచిన విద్యార్థి కాడు. చేవ్రాత మిక్కిలి వికారముగా నుండెడిది. కాగితముపై సిరామరకలు పడెడివి. లెక్క కట్టు క్రమమును చూపక సమాధానమును మాత్రము వ్రాసెడివాడు. ఉపాధ్యాయులు ఆతనిని మందలించుచుండిరి. ఆ మందలింపులు నిష్కారణములు కావు. పనిని మెట్టు తరువాత మెట్టుగా, ఇతరులు పరీక్షింప వీలగునట్లు వ్రాయవలెనను నియమమును లోకమునకు బోధించిన వారిలో ఒకడైన ఈతడు బాల్యమున ఆ నియమమును పాటింపనివాడగుట చిత్రము. మానవుడు తనకు కొరవడినదానిని తెలిసికొని, దానినే శ్రద్ధతో సాధించినచో, అందే నేర్పరి కాగలడు.

అచ్చట ఆలన్‌కు క్రిస్టఫర్ మార్కమ్ అను మిత్రుడు లభించెను. అతడు గణితమునందును, ఖగోళ శాస్త్రమునందును ప్రజ్ఞావంతుడు. పనియందు శుభ్రత కలవాడు. ఇరువురును నక్షత్రములను గూర్చి, రసాయన ప్రయోగములను గూర్చి గంటలకొలది చర్చించెడివారు. కాని 1930 ఫిబ్రవరిలో మార్కమ్ క్షయవ్యాధిచే అకస్మాత్తుగా మరణించెను. ఈ దుఃఖమును ఆలన్ జీవితాంతము మరువలేదు. మిత్రుడు జీవించియున్నచో ఏ విద్యలో కృషి చేసియుండునో ఆ విద్యలో తాను కృషి చేయవలెనని నిశ్చయించుకొనెను.

1931లో ట్యూరింగ్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి కింగ్స్ కళాశాలలో ప్రవేశించెను. ఇరువదిరెండేండ్ల వయసున, 1935లో, ఆ కళాశాలకు ఫెలోగా ఎన్నుకొనబడెను. ఆ దినములలో గణిత శాస్త్రజ్ఞులను ఒక గొప్ప ప్రశ్న వేధించుచుండెను. గణితములోని ఏ వాక్యమునైనను తీసికొని, అది నిరూపింపదగినదా, కాదా యని నిర్ణయించుటకు తప్పక ఫలించు పద్ధతి యొకటి కలదా? జర్మను గణితజ్ఞుడు హిల్బర్టు ఈ ప్రశ్నను లోకము ముందుంచెను. పద్ధతి కలదో లేదో తేల్చుటకు ముందుగా పద్ధతి యనగా ఏమో తెలియవలెను గదా! ట్యూరింగు మేధ ఇచ్చటనే ప్రకాశించెను.

ఆతడు పెద్ద పెద్ద సిద్ధాంతముల జోలికి పోలేదు. గళ్ళ కాగితముపై లెక్క చేయు బాలుని గూర్చి ఆలోచించెను. ఆ బాలుడు చేయునదేమి? ఒక గడిలోని అంకెను చూచును. తాను లెక్కలో ఏ ఘట్టమున నున్నాడో జ్ఞప్తియందుంచుకొనును. నేర్చిన నియమమును బట్టి ఆ అంకెను చెరిపి వేరొకటి వ్రాయును, లేదా ఉన్నదానినే ఉంచును. పిమ్మట ప్రక్క గడికి పోవును. ఎంతటి కఠినమైన లెక్కయైనను తుదకు ఈ చిన్న పనుల వరుసయే. అట్లయినచో, గళ్ళుగల పొడవైన పట్టీయు, ఒక్కొక్క గడిని చదివి వ్రాయు సాధనమును, ఏ స్థితిలో ఏమి చేయవలెనో తెలుపు నియమముల పట్టికయు ఉన్న యంత్రమొకటి ఆ లెక్కను చేయగలదు. ఇంతటితో ఆగక, ట్యూరింగ్ మరియొక మెట్టెక్కెను. నియమముల పట్టికను కూడ ఆ పట్టీ మీదనే వ్రాసియిచ్చినచో, ఒకే యంత్రము ఏ పట్టిక నిచ్చిన ఆ పట్టిక ప్రకారము పనిచేయగలదని నిరూపించెను. కూడికకు ఒక యంత్రము, గుణకారమునకు వేరొక యంత్రము అక్కరలేదు. ఆజ్ఞలను మార్చినచో చాలును.

1936లో ఆతడు ప్రకటించిన ఈ వ్యాసమే నేటి కంప్యూటరునకు మూలమైన ఊహ. హిల్బర్టు కోరిన సర్వనిర్ణాయక పద్ధతి లేదనియు అందే తేలినది. అమెరికా దేశీయుడగు అలోంజో చర్చి వేరొక మార్గమున అదే నిర్ణయమునకు వచ్చియుండెను. ట్యూరింగ్ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు పోయి, చర్చి కడ పరిశోధన చేసి, 1938లో డాక్టరు పట్టమును పొందెను.

విద్యార్థులారా! కరీంనగరము ప్రాంతమున సిరిసిల్ల మొదలగు నేత పట్టణములు ప్రసిద్ధములు. నేతపని యెరిగిన కుటుంబములవారికి జాకార్డు మగ్గము తెలిసియే యుండును. చిల్లులు పొడిచిన అట్టలు వరుసగా ఆ మగ్గముపై కదలుచుండును. చిల్లియున్న చోట పడుగు పోగు పైకి లేచును, లేనిచోట లేవదు. అట్టల వరుసను మార్చినచో, మగ్గమును మార్చకయే, అంచున నెమలికి బదులు మామిడిపిందె వచ్చును. ఒకే మగ్గము, ఆజ్ఞల వరుసలు వేరు. ఇరువదవ శతాబ్దపు యంత్రములకును చిల్లుల పట్టీల మీదనే ఆజ్ఞలు పంపిరి. కాని మగ్గపు అట్ట పోగును లేపుమని మాత్రమే చెప్పును. ట్యూరింగ్ ఊహించిన యంత్రము తాను వ్రాసినదానిని తానే చదివి, దానిని బట్టి తరువాతి పనిని నిర్ణయించుకొనగలదు. ఇదియే రెండింటికిని గల భేదము.

ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చిపడినది. జర్మనులు తమ సైనిక సందేశములను ఎనిగ్మా అను యంత్రముతో రహస్య లిపిలోనికి మార్చి పంపుచుండిరి. పోలెండు గణితజ్ఞులు ఆ రహస్యమును కొంతవరకు ఛేదించి, 1939 జులైలో తాము కనుగొన్నదానిని బ్రిటిషు, ఫ్రెంచి వారికి తెలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన ట్యూరింగ్ బ్లెచ్లీ పార్కు అను రహస్య స్థలమున పనికి చేరెను. శత్రువు సందేశమున ఏదో యొక మాట, వాతావరణమును గూర్చినది కావచ్చును, తప్పక యుండునని ఊహించి, ఆ ఊహతో పొసగని అమరికలనన్నింటిని త్రోసివేయు యంత్రమును ఆతడు రూపొందించెను. 1940 మార్చిలో మొదటి యంత్రము పనికి వచ్చెను. గోర్డన్ వెల్ష్‌మన్ అను గణితజ్ఞుడు దానికి మరింత మెరుగు పెట్టెను. ఇంగ్లండునకు ఆహారమును, ఆయుధములను తెచ్చు ఓడలను అట్లాంటిక్ మహాసముద్రమున జర్మను జలాంతర్గాములు ముంచుచుండిన కాలమది. నౌకాదళ సందేశముల లిపిని ఛేదించు బాధ్యతను ట్యూరింగ్ వహించెను. ఆ కృషి వలన ఎందరో నావికుల ప్రాణములు దక్కినవి. ఐనను ఆ మాటను వారెవ్వరును బయట చెప్పగూడదు. 1970ల వరకు లోకమునకు ఈ సంగతి తెలియనే లేదు.

యుద్ధము ముగిసిన పిమ్మట ట్యూరింగ్ తన ఊహకు రూపమీయ బూనెను. 1945లో జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరి, విద్యుత్తుతో పనిచేయు గణనయంత్రమునకు సమగ్రమైన ప్రణాళికను వ్రాసెను. కాని నిర్మాణము నత్తనడక నడచెను. ఆతడు విసిగి, 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు పోయెను. ఈ కాలముననే దూరపు పరుగు పందెములలో ఆసక్తి వహించి, 1947లో మారథాను దూరమును 2 గంటల 46 నిమిషములలో పరుగెత్తెను.

మాంచెస్టరులో అప్పటికే ఒక విశేషము జరిగియుండెను. 1948 జూన్ 21వ తేదీన ఫ్రెడరిక్ విలియమ్స్, టామ్ కిల్బర్న్ మొదలగువారు నిర్మించిన చిన్న యంత్రము, తన స్మృతిలో నిలువచేసిన ఆజ్ఞలను తానే చదివి నెరవేర్చెను. కిల్బర్న్ వ్రాసిన ఆ మొదటి క్రమమున 17 ఆజ్ఞలు మాత్రమే కలవు. 2,62,144 అను సంఖ్యను శేషము లేకుండ భాగించు సంఖ్యలలో, ఆ సంఖ్యను విడిచి, మిక్కిలి పెద్దది ఏదో కనుగొనుట దాని పని. యంత్రము 52 నిమిషములు శ్రమించి 1,31,072 అని సరియైన సమాధానము నిచ్చెను.

ఆ యంత్రమునకు భాగహారము రాదు. తీసివేత మాత్రమే వచ్చును. మరి భాగించుట ఎట్లు? మీరును పలకపై ఆ పని చేయవచ్చును. 18 అను సంఖ్యను తీసికొనుడు. ముందుగా దానికన్న ఒకటి తక్కువయగు 17ను పరీక్షింపుడు. 18 నుండి 17 తీసివేసినచో 1 మిగిలినది. శేషమున్నది గనుక 17 పనికిరాదు. దానినుండి ఒకటి తగ్గించి 16తో మరల అట్లే చేయుడు. ఈ విధముగా దిగివచ్చి 9 చేరినప్పుడు, 18 నుండి ఒకసారి తీసివేయగా 9, మరల తీసివేయగా సున్న. శేషము లేదు. అచ్చట ఆగి 9ని సమాధానముగా వ్రాయుడు. ఇందు మూడే అంశములు కలవు. ఒక పనిని మరల మరల చేయుట మొదటిది. శేషము సున్నయా, కాదా యని పరీక్షించి దారి మార్చుట రెండవది. పని ముగిసినప్పుడు ఆగుట మూడవది. నేటి పెద్ద పెద్ద క్రమములు కూడ ఈ మూడు అంశముల కూర్పుతోనే నడచుచున్నవి. ఒకటి తగ్గింపుమను ఆజ్ఞను వ్రాయ మరచినచో, యంత్రము తెల్లవారునందాక 17నే పరీక్షించుచుండును. మన మనసులోని మాట దానికి తెలియదు. వ్రాసినదే దానికి వేదము.

మాంచెస్టరులో ఇంతకన్న పెద్ద యంత్రము సిద్ధమైనప్పుడు, దానిని వాడగోరువారికై ట్యూరింగ్ 1951లో ఒక కరదీపికను రచించెను. ఆ భాష నేర్చుట సులభము కాదు. ఆజ్ఞలన్నియు చిల్లుల పట్టీపై అయిదేసి స్థానముల గుర్తులుగా నుండెను. చిల్లి యున్నచో ఒకటి, లేనిచో సున్న. అయిదు స్థానములకు ముప్పదిరెండు గుర్తులు ఏర్పడును. ఒక్కొక్క గుర్తునకు తంతియంత్రపు అక్షరమొకటి. అభ్యాసకులు ఈ ముప్పదిరెండు అక్షరములను, వాని విలువలను కంఠస్థము చేయవలెను. అంతేకాదు, అంకెలను వ్రాయు వరుస కూడ తలక్రిందులు. ఆరు అను సంఖ్యను సున్నలతో ఒకట్లతో వ్రాసినచో 110 అగును. ఆ యంత్రమునకై 011 అని వ్రాయవలసియుండెను. మనకు ఎడమ ప్రక్కనుండు పెద్ద స్థానము దానికి కుడిప్రక్క నుండును. ట్యూరింగునకు ఇదియంతయు మంచినీళ్ళప్రాయము. ఇతరులకు మాత్రము తల తిరిగెడిది.

ఐనను క్రొత్తగా నేర్చువానికి ఆతడు చూపిన మార్గము నేటికిని శిరోధార్యము. ముందుగా ఏ విధమున లెక్కను సాధింపవలెనో ఆలోచించి నిర్ణయింపవలెను. పిమ్మట పెద్ద పనిని చిన్న భాగములుగా విడదీయవలెను. ప్రధాన క్రమము కన్న ముందు ఆ చిన్న భాగములకు ఆజ్ఞలు వ్రాయవలెను. తుదకు వానిని కూర్చు ప్రధాన క్రమమును వ్రాయవలెను. ఇల్లు కట్టువాడు ఇటుకలను సిద్ధపరచుకొనిన పిమ్మటనే గోడ లేపును గదా! ఈ నేర్పు సూత్రములను వల్లించుట వలన గాక, అభ్యాసము వలనను, ఇతరులు వ్రాసినదానిని పరిశీలించుట వలనను అలవడునని ఆతని అభిప్రాయము.

తప్పులను కనుగొను విధమును గూర్చి కూడ 1949లో కేంబ్రిడ్జి సభలో ఆతడు ప్రసంగించెను. పెద్ద కూడిక యొకటి చేసితిమనుకొనుడు. మొత్తమును మాత్రమే వ్రాసినచో, పరీక్షించువాడు మొదటినుండి అంతయు కూడవలెను. ఒక్కొక్క వరుస క్రింద వచ్చిన అంకెను, పై వరుసకు పోయిన మిగులును విడివిడిగా చూపినచో, ఏ వరుసకావరుస సరిచూచుకొనవచ్చును. క్రమమును వ్రాయువాడును ఇట్లే, నడుమ నడుమ ఇచ్చట ఈ విలువ యుండవలెనని నిర్ణయించి వ్రాసినచో తప్పు ఏ మెట్టున దొరలినదో తేటపడును. బాల్యమున సమాధానము మాత్రమే వ్రాసి మందలింపులు తిన్నవాని నోట ఈ ఉపదేశము వెలువడినది!

ఆ కరదీపికను చదివి నేర్చినవారిలో క్రిస్టఫర్ స్ట్రేచీ యొకడు. ఆతడు హారో అను ప్రసిద్ధ పాఠశాలలో ఉపాధ్యాయుడు. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, తీరిక వేళలలో కాగితముపై యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయ నేర్చెను. ట్యూరింగును పూర్వమే ఎరిగియుండుటచే ఆతనికి జాబు వ్రాసి, కరదీపికను తెప్పించుకొని చదివెను. 1951లో మాంచెస్టరునకు వచ్చినప్పుడు ట్యూరింగ్ ఆతనికి కఠినమైన పనినే అప్పగించెను. ఇతరులు వ్రాసిన క్రమము నడచు తీరును యంత్రమే అనుసరించి చూపుటకు వీలగు క్రమమును వ్రాయవలెను. స్ట్రేచీ వేయికి పైగా ఆజ్ఞలు వ్రాసికొని వచ్చెను. ఆ యంత్రముపై అంతవరకు అంత దీర్ఘమైన క్రమము నడచి యుండలేదు. రాత్రంతయు ఒంటరిగా యంత్రము కడ కూర్చుండి, చిన్న చిన్న తప్పులను సవరించుచు, తెల్లవారునప్పటికి దానిని నడపగలిగెను. క్రమము ముగియగనే యంత్రము తన ధ్వనిసాధనముతో ఇంగ్లండు జాతీయ గీతపు వరుసను వినిపించెను! క్రొత్తవాడని స్ట్రేచీని ఎవరును తక్కువగా చూడలేదు. తరువాతి కాలమున ఆతడు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకే ఆచార్యుడయ్యెను.

యంత్రపు లిపి మనుష్యునకు దుర్గ్రాహ్యమని గ్రహించి, 1952లో ఆలిక్ గ్లెన్నీ అనువాడు, 1954లో టోనీ బ్రూకర్ అనువాడు మాంచెస్టరు యంత్రమునకై సులభతర భాషలను కల్పించిరి. మనుష్యునకు తెలియు రీతిని వ్రాసినదానిని యంత్రమే తన లిపిలోనికి మార్చుకొనును. నేడు విద్యార్థులు నేర్చు పైథాన్ వంటి భాషలు ఈ మార్గమున వచ్చినవే.

1950లో ట్యూరింగ్ యంత్రములు ఆలోచింపగలవా యను ప్రశ్నను చర్చించుచు ఒక వ్యాసమును ప్రకటించెను. కృత్రిమ మేధను గూర్చి నేడు జరుగు వాదములలో దానిని స్మరింపనివారు అరుదు. 1951లో రాయల్ సొసైటీ ఆతనిని సభ్యునిగా ఎన్నుకొనెను.

ఇంతటి మహామేధావి అంత్యకాలము విషాదకరము. 1952లో ట్యూరింగు ఇంట దొంగతనము జరిగెను. ఆతడు పోలీసులకు తెలిపెను. విచారణలో ఆతడు మరియొక పురుషునితో ప్రేమబంధము కలవాడని బయటపడెను. ఆతడు దానిని దాచలేదు, బొంకలేదు. ఎవరికిని హాని చేయని ఆ బంధమును 1885 నాటి ఆంగ్ల శాసనము నేరముగా ఎంచెడిది. న్యాయస్థానము ఆతనికి శిక్ష విధించెను. చెరసాలకు పోవుటకు మారుగా దేహమును మార్చు మందులను ఒక యేడు స్వీకరింపవలసి వచ్చెను. దేశమును కాపాడిన రహస్య కార్యములలో పాల్గొను అర్హతను ప్రభుత్వము తొలగించెను. ఆతడు చేసిన మేలు రహస్యము గనుక, ఆతని పక్షమున దానిని నలుగురి ఎదుట చెప్పగలవారు లేకపోయిరి.

1954 జూన్ 7వ తేదీన, నలువదియొకటవ యేట, ట్యూరింగ్ విల్మ్‌స్లో పట్టణమందలి తన ఇంట సయనైడు విషముచే మరణించెను. విచారణాధికారి అది ఆత్మహత్య యని నిర్ణయించెను. ఇంట రసాయన ప్రయోగములు చేయు అలవాటున్న కుమారుడు ప్రమాదవశమున మరణించెనని తల్లి కడవరకు విశ్వసించెను.

ఇంగ్లండులో 1967న ఆ శాసనము సవరింపబడెను. మన దేశమునను 2018లో సుప్రీంకోర్టు అట్టి బంధము నేరము కాదని తీర్పు చెప్పెను. 2009లో బ్రిటిషు ప్రధానమంత్రి ట్యూరింగునకు జరిగిన అన్యాయమునకు ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాణి ఆతని శిక్షను క్షమించెను. 2021లో ఆతని చిత్రముతో ఏబది పౌనుల నోటు వెలువడినది. ఈ గౌరవములు వచ్చునప్పటికి అందుకొనవలసినవాడు లేడు. ఉపకారిని జీవించియుండగనే ఆదరింపవలెనను నీతిని ఆ దేశము ఆలస్యముగా నేర్చినది.

ట్యూరింగు పేర 1966 నుండి ప్రతి సంవత్సరము కంప్యూటరు శాస్త్రమున అత్యున్నత బహుమాన మొకటి ఇచ్చుచున్నారు. 1994లో దానిని పొందిన ఇరువురిలో ఒకరు, నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున జన్మించిన డాక్టరు రాజ్ రెడ్డి. ఆ బహుమానమును పొందిన తొలి ఆసియావాసి ఆయనయే. తండ్రి ఏ తెలుగు ప్రజల నడుమ ఉద్యోగము చేసెనో, ఆ ప్రజలలో పుట్టిన యొకడు కుమారుని పేరిట బహుమానము నందుకొనుట మనకు సంతోషకరము.

బాలబాలికలారా! యంత్రభాష నేర్వదలచినచో ఖరీదైన సాధనముల కొరకు ఎదురుచూడవలదు. స్ట్రేచీ కాగితముపైననే ఆరంభించెను. ట్యూరింగ్ 1936లో ఊహించిన యంత్రము అప్పటికి లోకమున లేనే లేదు. ఒక పలక, ఒక చిన్న లెక్క, దానిని మెట్టు మెట్టుగా విడదీయు ఓర్పు ఉన్నచో మొదటి పాఠమునకు చాలును. తప్పు వచ్చినప్పుడు యంత్రమును నిందింపక, వ్రాసినదానిని ఆదినుండి సరిచూచుకొనుడు. యంత్రము మనము వ్రాసినదానినే చేయును. మనుష్యుని మాత్రము వ్రాతను బట్టి గాని, పుట్టుకను బట్టి గాని, తనకన్న వేరుగా నుండుటను బట్టి గాని తీర్పు తీర్చరాదు. ఈ రెండు పాఠములును ఆలన్ ట్యూరింగు చరిత్రము మనకు నేర్పుచున్నది.